నాలుక లేని నోరు

మా చెల్లి బొమ్మల గురించి పెద్దపెద్దవాళ్ళు పెద్దపెద్ద మాటలు రాశారు. ప్రతీకలన్నారు, కథనమన్నారు, సమకాలీనమన్నారు. ఒకాయనైతే హింసలోని సౌందర్యం అని రాసిపడేశాడు. ఆ మహానుభావుణ్ణి ఒక్క పూట మా నాన్న చేతికి అప్పగిస్తే అందులో సౌందర్యం ఎంతుందో ఆయన వీపే చెప్పేది. నేను వడ్రంగం చేస్తాను. చెల్లి బొమ్మలకు చట్రాలు కోసేది నేను, వాటిమీద కాన్వాసు లాగి మేకులు కొట్టేది నేను. అందుకని ఆ బొమ్మల్లో ఏముందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని విర్రవీగాను. నా పొగరుకు ఒక మనిషి కన్ను పోయింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ముందే చెప్పేస్తాను, దాచేదేముంది. మా తమ్ముణ్ణి మా వీధిలోనే, మిట్టమధ్యాహ్నం, దొంగ అనుకుని కొట్టి చంపారు. ఆరోజు నుంచి నాకు కావలసింది ఒక్కటే. మొదటి దెబ్బ వేసినవాడెవడు? గుంపుకు తల ఉండదంటారు. ఎందుకుండదు? మొదటి దెబ్బ పడేదాకా అది గుంపు కాదు, ఊరికే నిలబడ్డ జనం. ఆ మొదటివాడి తల పగలగొట్టాలని మూడేళ్ళు పళ్ళు కొరుక్కుంటూ బతికాను. చెల్లికి వాడెవడో తెలుసు. మేడమీద కిటికీలోంచి చూసింది. కానీ అది నోటితో చెప్పే రకం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మా ఇంటి సంగతి తెలియాలి.

ముందు గదిలో నాన్న వడ్రంగి దుకాణం, వెనక రెండు గదుల్లో మేము, పైన ఒక గది. నాన్నకు ముక్కు మీద కోపం. రంపం మొద్దుబారినా, కొలత తప్పినా, అన్నం చల్లారినా చేతిలో ఏదుంటే దానితో కొట్టేవాడు. ఎక్కువగా అడుగుబద్ద ఉండేది కాబట్టి బతికిపోయాం. ఒకసారి ఉలి ఉండింది. అది అమ్మ చెవి పక్కనుంచి వెళ్ళి తలుపులో దిగింది. అమ్మ ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఆవిడ ఆయుధం నోరు. ఆ నోటికి వీధిలో ఒక్క మనిషీ పేరుతో మిగల్లేదు. ఏ గొడవలోనూ ఎటూ తేల్చని కిరాణా ఆయన గోడమీద పిల్లి. ఎవరి ఇల్లు ఎప్పుడు కూలుతుందా అని చూసే తాళాలాయన గోతికాడ నక్క. ఎదురింటి పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆవిడ నువ్వుగింజ పిన్ని. మా తమ్ముడు మాత్రం అందరికీ తలలో నాలుక. ఎవరింట్లో గోడకు బెజ్జం పడినా, మోటారు చెడినా, ముసలాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా ముందు వాణ్ణే పిలిచేవాళ్ళు.

చెల్లికి ఏడేళ్ళప్పుడు ఒకరోజు ప్లైవుడ్ ముక్క మీద నాన్న లావుపాటి పెన్సిల్‌తో ఒక మొహం గీసింది. కళ్ళు లేవు, నోరు లేదు. గుమ్మడికాయంత ముక్కు, దాని మీద రగులుతున్న పొయ్యి. అమ్మ చూసి పడిపడి నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! మీ నాన్నని అచ్చుగుద్దినట్టు దింపేశావే!" అంది. అంతే, వెనకాల నాన్న. ఆ ప్లైవుడ్‌తోనే దాన్ని బాదాడు. మూడో దెబ్బకు భుజం దగ్గర ఎముక విరిగింది. అది వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ దాని కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. బొమ్మ పైభాగం వేయాల్సి వచ్చినప్పుడు ఎడంచేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకుని వేస్తుంది. ఆ దెబ్బతో అది మాటలు తగ్గించింది, గీతలు పెంచింది. అమ్మ అనే మాటలన్నీ ఒక్కొక్కటీ బొమ్మలైపోయాయి.

నాన్న ఒకరోజు కోత బల్ల మీదే కూలిపోయాడు. మాకు ఏడుపు రావడానికి కాస్త టైమ్ పట్టింది. దుకాణం నేను తీసుకున్నాను. కోపం కూడా ఆస్తిలో భాగంగా నాకే వచ్చింది. చెల్లిని బళ్ళో డ్రాయింగ్ మాస్టారు పట్టుబట్టి ఆర్ట్ కాలేజీలో చేర్పించాడు. అక్కడ దానికి నేర్పింది ఏమిటంటే, నువ్వు ఇంట్లో చేస్తున్నదానికి ఒక పేరుంది అని. బయటికొచ్చాక అది వేసినవన్నీ మా వీధి కథలే. ఒక్కో బొమ్మలో ఒక్కో గొడవ. మొహాలుండవు, గుర్తులుంటాయి. వీధిలో చదువు రానివాళ్ళు కూడా ఆ బొమ్మలు చదివేవాళ్ళు.

దాని పని చూస్తే విసుగొస్తుంది. నెల రోజులు బొగ్గుతో గీస్తుంది, చెరుపుతుంది. తర్వాత ఎండిన నెత్తుటి రంగొకటి పల్చగా పూస్తుంది, దాని మీద పొర మీద పొర. ప్రతి పొరా ఆరాలి. ఈ మధ్యలో నా ప్రాణం తీస్తుంది. "అక్కా, ఆరోజు కిరాణా ఆయన ఏ చేత్తో తలుపేశాడు?" "నాకేం తెలుసే?" "కనుక్కో." చేతిలో ఏముందో, ఏ చేతిలో ఉందో తెలియకపోతే దానికి కుంచె కదలదు. పనిలో ఉండగా ఎవరూ పైకి రాకూడదు. చుట్టాలూ, కొనేవాళ్ళూ చటుక్కున ఎక్కేస్తారని మెట్ల తలుపుకు బయటినుంచి నేనే గొళ్ళెం పెట్టేదాన్ని.

ఒకసారి తాళాలాయన, బొమ్మలో గోతి పక్కన కూర్చున్న నక్కను చూసుకుని, స్క్రూడ్రైవర్ తెచ్చి కాన్వాసును మూరెడు పొడవున చీల్చాడు. నేను ఊరుకుంటానా? చేతిలో ఉన్న చెక్కతో నెత్తిన ఒక్కటిచ్చాను. నాలుగు కుట్లు పడ్డాయి. చెల్లి ఆ చీలికను వెనకనుంచి అతికించి, నక్క నెత్తిమీద కూడా నాలుగు కుట్లు వేసింది. ఆ బొమ్మే, చెల్లి బొమ్మలు అమ్మిపెట్టే గ్యాలరీ మేడమ్‌కు అన్నిటికంటే నచ్చింది.

ఇక మా ఆయన. నా దుకాణంలోనే పాలిష్ పని చేసేవాడు. పిలిస్తే పలుకుతాడు, పెడితే తింటాడు. నేను అరిస్తే అరుపు అయ్యేదాకా తలవంచుకుని నిలబడి, తర్వాత టీ పెట్టి తెచ్చేవాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన గొంతు పక్కింటికి వినపడలేదు. నాది ఏ ఇంటికి వినపడలేదో చెప్పడం కష్టం.

మూడేళ్ళ కిందట మా వీధిలో వరసగా నాలుగిళ్ళలో దొంగతనాలు జరిగాయి. అందరి కళ్ళూ గోడల మీదే. తమ్ముడు అప్పుడు వెనక వీధిలో కొత్త మేడకు పుట్టీ రుద్దే పనిలో ఉన్నాడు. ఆ దుమ్ముకు తలా మొహమూ గుడ్డతో చుట్టేసుకుని, కళ్ళు మాత్రం వదిలేవాడు. ఒళ్ళంతా తెల్లగా పిండిబొమ్మలా ఉండేవాడు. మధ్యాహ్నం అన్నానికి చుట్టూ తిరిగి రావడమెందుకని వెనక గోడ దూకి, పక్కింటి సందులోంచి దుకాణం ముందుకు వచ్చాడట. నువ్వుగింజ పిన్ని చూసి "దొంగ! దొంగ!" అని అరిచింది. ఆవిడకు ఉన్న పనే అది.

నేను కలప డిపోలో ఉన్నాను. వచ్చేసరికి అయిపోయింది. పదకొండు నిమిషాలు కొట్టారని తర్వాత పోలీసులు లెక్కకట్టారు. చెక్కలతో కొట్టారు, కాళ్ళతో తొక్కారు, కిరాణా కొట్టు ముందున్న రాయి ఎత్తి మోకాళ్ళ మీద వేశారు. గుడ్డ ఊడిపోయాక కూడా ఆగలేదు. అప్పటికే కొట్టడం రుచి మరిగారు, ఆ మొహాన్ని చూసినవాడెవడు? నెత్తురూ పుట్టీ కలిసి మొహమంతా ముద్దయిపోయింది. నేను పైటతో తుడుస్తుంటే ఒకవైపు దవడ నా చేతిలోకి కదిలి వచ్చింది. నా తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచినదాన్ని నేను. వాడి మొహం ఏ వైపునుంచి పట్టుకోవాలో తెలియలేదు నాకు.

మా ఆయన దుకాణం లోపల గచ్చుమీద కూర్చుని వాంతి చేసుకుంటున్నాడు. "పాలిష్ మిషన్ ఆన్‌లో ఉంది. ఏమీ వినపళ్ళేదు" అన్నాడు. ఆయన మూతి కూడా నేనే తుడిచాను. అప్పుడు గుర్తొచ్చింది చెల్లి. మెట్ల తలుపు లోపలినుంచి దడదడ కొట్టుకుంటోంది. గొళ్ళెం తీశాను. దాని రెండు అరచేతులూ చిట్లిపోయి ఉన్నాయి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"ఎవడే? మొదట ఎవడే కొట్టింది?" అని దాన్ని పట్టుకుని ఊపేశాను.

అది నా మొహంలోకి చూసింది. "చూశాను. వేస్తాను" అంది.

చెప్తాను అనలేదు. బొమ్మయినా వేయడమే, దెబ్బయినా వేయడమే మనకు. సరే వెయ్యి, రెండోది నేను వేస్తాను అనుకున్నాను. పోలీసులు అడిగితే పైనుంచి మొహాలు కనపడలేదని చెప్పింది. నేను నోరు మూసుకున్నాను. వాడు నాకు కావాలి, వాళ్ళకు కాదు. తొమ్మిదిమందిని పట్టుకుని, సాక్ష్యం లేదని నెలకల్లా వదిలేశారు. మొదటి దెబ్బ ఎవడిదంటే వీధంతా ఒకటే మాట, మేం చూసేసరికే కొడుతున్నారని. ఆ తొమ్మిదిమందిలో ఐదుగురు రోజూ నా దుకాణం ముందునుంచే వెళ్ళేవాళ్ళు, తలొంచుకుని. అమ్మ ఆ దిగులుతోనే ఏడాది తిరగకుండా పోయింది.

చెల్లి పద్నాలుగడుగుల చట్రం అడిగింది. మెట్లు పట్టవు కాబట్టి ముక్కలు పైకి మోసుకెళ్ళి అక్కడే బిగించాను. రెండేళ్ళు ఆ గదిలో అది ఏడుస్తూ వేసింది, వేస్తూ తిట్టుకుంది. రెండుసార్లు మొత్తం గీకేసింది. బావతో మాట్లాడటం మానేసింది. ఎదురొస్తే గోడవైపు తిరిగేది. దుఃఖంలో మనిషి అంతే అనుకున్నాను. ఆయన పాపం, దాని అన్నం పళ్ళెం మెట్ల మీద పెట్టి వచ్చేవాడు.

బొమ్మ పూర్తయ్యాక గ్యాలరీకి పంపేముందు పది రోజులు మన దుకాణంలోనే పెడతానంది. "అందరూ చూడాలి. నువ్వు కూడా చూడు, నిదానంగా" అంది. నిదానంగా అనే మాట నాకు చెప్పడం ఎంత దండగో దానికి తెలియదా? కిటికీ చట్రం విప్పి తాళ్ళతో కిందికి దించాం. చెల్లి రంగుల కొట్టుకని వెళ్ళింది. నేను గుడ్డ తీశాను.

మా వీధి. మిట్టమధ్యాహ్నపు తెల్లటి ఎండ. మధ్యలో నేలమీద మనిషంత పొడవున ఒక ఎర్రటి నాలుక పడి ఉంది. మా తమ్ముడు. అందరికీ తలలో నాలుక కదా వాడు. దాన్ని తొక్కుతున్న కాళ్ళు, కాళ్ళు, కాళ్ళు. గోడమీద పిల్లి రాయి ఎత్తింది. నక్క వంగి చూస్తోంది. ఒకావిడ తెరిచిన నోట్లోంచి నువ్వుగింజలు రాలి, నేలమీద పడ్డవన్నీ చీమలై నాలుక మీదకు పాకుతున్నాయి. నాలుకకు అన్నిటికంటే దగ్గరగా ఒకడున్నాడు. చేతిలో చెక్క పట్టె, దాని అంచుకు మొదటి నెత్తురు. వాడికి మొహం లేదు. మొహమున్నచోట బార్లా తెరిచిన నోరు ఒక్కటే ఉంది. లోపల పళ్ళున్నాయి, కొండనాలుక కూడా ఉంది. నాలుక లేదు.

జనం పోగయ్యారు. ఎవరి గుర్తు వాళ్ళు చూసుకుని వెనక్కి జరుగుతున్నారు. ఎవరూ స్క్రూడ్రైవర్ తేలేదు ఈసారి. నువ్వుగింజ పిన్ని మాత్రం తన చీమలను చూడనట్టు నటిస్తూ ఆ నోటి దగ్గర ఆగింది.

"నాలుక లేదు చూడు! మూగాడు కదూ? మన ఇస్త్రీ మూగాడు! అమ్మో అమ్మో, ఎంత నంగనాచో!" అంది.

మా వీధి చివర రేకుల కింద బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేసే ఆయన ఉన్నాడు. పుట్టు మూగ, చెవులు బాగానే వినపడతాయి. ఆరోజు గుంపు మధ్యలో అటూ ఇటూ పరిగెత్తాడని పోలీసులకు ఎవరో చెప్పారు కూడా. ఆయన మూగవాడు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. నాకు అవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బల్లమీది చెక్క సుత్తి తీసుకుని నడిచాను. పరిగెత్తలేదు. మూడేళ్ళు దాచుకున్నది కదా, ఒలికిపోకుండా నడిచాను.

నన్ను చూసి ఆయన నవ్వాడు. బట్టలు తెచ్చానేమోనని చెయ్యి చాపాడు. మొదటి దెబ్బ కంటి మీద వేశాను. ఏదో మెత్తగా పగిలిన చప్పుడైంది. రెండోది దవడ మీద. ఆయన బల్లతో సహా పడ్డాడు. ఇస్త్రీ పెట్టె తిరగబడి నిప్పులు చేతిమీద పడ్డాయి. కాలిన వాసనొచ్చింది. మూడోది ఎక్కడ తగిలిందో చూసుకోలేదు. అప్పటికే నా వెనకాల వచ్చినవాళ్ళు అందుకున్నారు. ఎవడో కడుపులో తన్నాడు, ఎవడో జుట్టు పట్టుకుని ఎత్తాడు. ఆ తొమ్మిదిమందిలో ఒకడు నా పక్కనే నిలబడి "చంపెయ్ అక్కా! మీ తమ్ముణ్ణి తిన్నాడు!" అంటున్నాడు. ఈసారి గుంపుకు తల నేను. ఆయన నోట్లో నెత్తురు నింపుకుని బె బె అంటున్నాడు, కాలని చేత్తో తన నోరు చూపిస్తున్నాడు, మా దుకాణంవైపు చూపిస్తున్నాడు, మళ్ళీ నోరు. బతిమాలుతున్నాడనుకుని ఇంకా మండిపోయాను.

నాలుగోసారి చెయ్యెత్తేసరికి మణికట్టు మీద పళ్ళు దిగాయి. చెల్లి. ఎప్పుడొచ్చిందో, నన్ను కొరికి, తోసేసి, ఆయన మీద అడ్డంగా పడుకుంది. ఎవడి కాలో దాని నడుం మీద పడింది. లేవలేదు.

"ఈయన కాదే! అక్కా, ఈయన కాదే!"

"నువ్వే వేశావు కదే! నాలుక లేని నోరు! నోట్లో నాలుక లేనివాడు ఈ వీధిలో ఇంకెవడున్నాడే?"

నేనన్న మాట నా చెవిన పడింది. చెల్లి తలెత్తి నన్ను చూసింది. దాని మొహం నిండా ఆయన నెత్తురు.

"అమ్మ ఆ మాట ఎవర్ననేది?" అంది.

మూగవాణ్ణి ఎవరూ అలా అనరు. అది నోరుండీ ఎదురాడని మెత్తటి మనిషిని అనే మాట. మా ఆయన్ని మొదటిసారి చూసిన రోజునే అమ్మ అంది, "నోట్లో నాలుక లేని మనిషి. నీ కోపానికి ఇలాంటివాడే సరి." చచ్చేదాకా అల్లుణ్ణి ఆ మాటతోనే మెచ్చుకుంది. నేను ఆ మాట కొన్ని వేలసార్లు విన్నాను. బొమ్మగా చూసేసరికి అక్షరాలా నమ్మి, నిజంగా నోరులేనివాడి నోరు పగలగొట్టాను. నువ్వుగింజ పిన్నికి తెలియకపోవచ్చు. నేను ఆ అమ్మ కడుపున పుట్టినదాన్ని. నాకేమైంది?

గుంపు ఎప్పటిలాగే పలచబడిపోయింది. కిరాణా ఆయన తలుపేసుకున్నాడు. ఇస్త్రీ ఆయన భార్య నీళ్ళ బిందె పడేసి పరిగెత్తుకొచ్చింది. ఆమె, చెల్లి కలిసి ఆయన్ని ఆటోలో ఎక్కించారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

నేను దుకాణంలోకి వెళ్ళాను. మా ఆయన పాలిష్ గదిలో నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ. బయట ఇంత జరిగితే అక్కడే నిలబడి ఉన్నాడు.

"మీరేనా?" అన్నాను.

తలూపాడు.

"నోరు తెరిచి చెప్పండి!"

"దొంగ దొంగ అని అరిచారు. నా ముందుకే వచ్చాడు. మొహానికి గుడ్డ ఉంది. చేతిలో పట్టె ఉంటే ఒక్కటేశాను. ఒక్కటే. అందరూ అలా చూస్తుంటే... నేనూ ఒక మగాణ్ణే అనిపించింది. వాడని తెలీదు. నీ మీద ఒట్టు, తెలీదు."

అరిచి ఏడ్చాను. గోడకేసి తల కొట్టుకున్నాను. కానీ నిజం చెప్పాలి, లోపల ఎక్కడో ఒక మూల ఊపిరి ఆడింది కూడా. తెలియక కొట్టాడు. పొరపాటు. తప్పు గుంపుది, గుడ్డది, పుట్టీది, పిన్ని అరుపుది. ఇరవై ఏళ్ళు నాకు టీ పెట్టిచ్చిన చెయ్యి కావాలని మా తమ్ముడి మీద లేవలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన చొక్కా కాలర్ పట్టి ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళాను. ఇద్దరం ఒప్పుకుందాం, ఇద్దరం తెలియక చేశామని చెబుదాం అనుకున్నాను. తెలియక చేసినవాళ్ళ జంట.

పది మంచాల వార్డు. ఇస్త్రీ ఆయనకు ఒక కన్ను తీసేశారు. దవడను తీగలతో కట్టారు. కాలిన చేతికి కట్టు. పోలీసు ఆఫీసరు కుర్చీలో కూర్చుని కాగితాలు పెట్టుకున్నాడు. ఇస్త్రీ ఆయన భార్య మంచం పక్కన నిలబడింది. ఆయన వేళ్ళ భాష ఆమెకే వచ్చు. చెల్లి గోడకానుకుని ఉంది.

"నిన్ను కొట్టిందెవరు?" అన్నాడు ఆఫీసరు.

ఆయన బాగున్న చెయ్యెత్తి తిన్నగా నన్ను చూపించాడు.

"నేనే. చెక్క సుత్తితో, మూడు దెబ్బలు. రాసుకోండి" అన్నాను.

చెల్లి ముందుకొచ్చింది. "నాది కూడా రాసుకోండి. మూడేళ్ళ కిందట మా తమ్ముణ్ణి మొదట కొట్టింది మా బావ. కిటికీలోంచి చూశాను."

"మూడేళ్ళు ఏం చేశావమ్మా?"

"బొమ్మ వేశాను."

ఆఫీసరు దాన్ని ఎగాదిగా చూశాడు. అది ఏడ్చేసింది. "అక్క కాపురం సార్. నోటితో చెప్పలేకపోయాను. బొమ్మలో చూసి అక్కే తెలుసుకుంటుందనుకున్నాను. ఈయన గుర్తుకే రాలేదు. ఇంత పెద్ద బొమ్మ వేశాను, మా వీధి చివర ఒక మూగాయన ఉన్నాడని నాకు గుర్తుకే రాలేదు."

"మా ఆయనకు వాడని తెలీదు సార్. మొహానికి గుడ్డ ఉంది" అన్నాను నేను. తొందరపడ్డాను.

"కొట్టినందుకు కాదక్కా ఆ నోరు వేసింది" అంది చెల్లి.

మంచం మీద ఆయన చెయ్యి కదిలింది. గబగబా కదిలింది. తన మొహం మీదనుంచి ఏదో జారిపోయినట్టు చూపించాడు. లేచి పరిగెత్తినట్టు చూపించాడు. ఎవరి చొక్కానో రెండు చేతులా పట్టుకుని గుంజినట్టు చూపించాడు, ఒక చేతికి కట్టుందని మర్చిపోయి. తర్వాత తన నోటి మీద వేలు పెట్టి, ఆ వేలు మా ఆయన నోటివైపు చాపాడు. మళ్ళీ తన నోరు, మళ్ళీ ఆయన నోరు. ఎండలో రేకుల కింద నన్ను చూసి చేసిందీ అదే.

ఇస్త్రీ ఆయన భార్య చెప్పింది, మా ఆయన్నే చూస్తూ. "గుడ్డ ఊడగానే మా ఆయన గుర్తుపట్టాడు. మీ దగ్గరకే పరిగెత్తుకొచ్చాడు. చొక్కా పట్టుకుని బతిమాలాడు. నాకు నోరు లేదు, నువ్వు చెప్పు, మావాడే అని ఒక్క కేక పెట్టు, ఆపుతారు అని. అప్పటికి ఇంకా బతికే ఉన్నాడంట మీ బామ్మర్ది. మీరు చెయ్యి విదిలించుకుని లోపలికెళ్ళిపోయారంట."

"నిజమేనా?" అన్నాడు ఆఫీసరు.

మా ఆయన నోరు తెరిచాడు. "భయమేసింది. మొదట కొట్టింది నేనేనని తెలిసిపోతుందని..." అన్నాడు.

నా చెయ్యి లేచింది. సుత్తి లేదు, అయినా లేచింది. ఆ చేతిని ఇస్త్రీ ఆయన భార్య గాలిలోనే గట్టిగా పట్టేసుకుంది.

"చాలమ్మా. కొట్టింది చాలు. చెప్పు, ఆఫీసరు రాసుకుంటాడు" అంది.

మంచం అంచున కూర్చున్నాను. ఆఫీసరు మా తమ్ముడి కేసుకని కొత్త కాగితం తీసి, ముద్దాయి పేరు చెప్పమన్నాడు. మా ఆయన పేరు చెప్పాను. ఇస్త్రీ ఆయన కేసుకని ఇంకో కాగితం తీసి, ముద్దాయి అన్నాడు. నా పేరు చెప్పాను.